మాత్ర మింగినట్టే లెక్క

బ్యాంకు ఉద్యోగికి రాసిందే నిజం. కౌంటరు మీద ఎవరు ఎంత పెట్టారన్నది కాదు, వోచరులో ఎంత రాశారన్నదే సాయంకాలానికి నిలుస్తుంది. బి.కాం. చదివి, లెడ్జర్ల కాలంలో ఈ కొలువులో చేరి, కంప్యూటర్ల కాలంలో పదవీ విరమణకు దగ్గర పడుతున్నవాణ్ణి కనుక ఈ మాట నిందగా అనడం లేదు. రాత లేకపోతే లోకవ్యవహారం ఒక్క పూట కూడా సాగదు. ఐతే రాసింది వేరు, జరిగింది వేరు అన్న ఎరుక మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం తెలుసుకోవడానికే తనిఖీలూ ఆడిట్లూ పుట్టాయి.

ఈ దూరం డబ్బు విషయంలో ఉంటే నష్టం రూపాయల్లో తేలుతుంది. మనిషి ఊపిరి విషయంలో ఉంటే ఎందులో తేలుతుంది? ఈ మధ్య క్షయరోగుల వైద్యంలో సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ డబ్బాలు వచ్చి చేరాయి. రోగి ఇవాళ మాత్ర మింగాడా లేదా అని అవి సాక్ష్యం చెబుతాయి. ఒక మనిషి తన మందు తాను మింగాడనడానికి యంత్రాన్ని సాక్షిగా నిలబెట్టడం ధర్మమేనా? ఆ సాక్షి అతనికి తోడా, అతని మీద నిఘానా? విజ్ఞులైన పాఠకుల ముందు ఈ ప్రశ్న పెట్టి, నాకు తోచినంత మేరకు విచారించాలని ఈ వ్యాసం.

మా పావగడ తాలూకా ఎరగనివారికి రెండు మాటలు చెప్పాలి. పరిపాలన కర్ణాటకలోని తుమకూరు జిల్లాది, ఇంట్లో మాట తెలుగుది. చుట్టూ చాలా భాగం ఆంధ్ర సరిహద్దే. రోగమొస్తే ఒకరు తుమకూరు పోతారు, ఇంకొకరు హిందూపురమో అనంతపురమో పోతారు. వేరుశనగ, వాన కోసం ఎదురుచూపు, ఫ్లోరైడు నీళ్లు, శనిమహాత్ముడి గుడి చాలాకాలంగా మా గుర్తులు. 2018 నుంచి తిరుమణి దగ్గరి సోలార్ పార్కు కూడా అందులో చేరింది. ఇంట్లో మేము దగ్గు అనేదాన్ని ఆసుపత్రిలో కెమ్ము అంటారు. చీటీ మీద అది ఇంగ్లీషులో ఉంటుంది. ఒక్క దగ్గు మూడు భాషలు దాటితే గానీ మందు దాకా చేరదు.

క్షయ చరిత్రలో మా జిల్లాకు ఒక స్థానం ఉంది. ఆ సంగతి మా వాళ్లకే ఎక్కువమందికి తెలియదు. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. అది తొలినాళ్లలో చేసిన పెద్ద పనుల్లో ఒకటి 1960-61లో తుమకూరు జిల్లాలో జరిపిన సర్వే. ఎక్స్‌రేలు తీసి, కళ్లె పరీక్షలు చేసి, ఎందరికి జబ్బుందో లెక్క తేల్చారు. అంతటితో ఆగి ఉంటే అది ఇంకొక అంకెల పుస్తకంగా మిగిలేది. డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ రోగుల గురించి మరో ప్రశ్న వేసుకున్నారు. వీళ్లకు తమ జబ్బు సంగతి తెలుసా? తెలిస్తే ఏం చేశారు?

పల్లెటూరి జనానికి రోగమంటే ఏమిటో తెలియదని, చెప్పినా వినరని చదువుకున్నవాళ్లలో అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన వారి వ్యాసం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. రోగుల్లో అత్యధికులు తమ ఒంట్లో బాగాలేదని ఎరిగే ఉన్నారు. చాలామంది దిగులు పడ్డారు. సగానికి పైగా ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కి వచ్చారు. అక్కడ కళ్లె పరీక్ష జరగలేదు. దగ్గుమందు సీసా ఇచ్చి పంపించేశారు. రోగి తన వంతు పని చేశాడు, చెయ్యనిది అవతలి పక్షం. అందుకే క్షయవైద్యం ప్రత్యేక ఆసుపత్రుల్లో కాక, జనం మామూలుగా వెళ్లే చోటనే దొరకాలన్న ఆలోచన జాతీయ కార్యక్రమానికి పునాది అయింది.

ఈ పాత సంగతి ఎత్తడానికి కారణం ఉంది. వైద్యం విఫలమైనప్పుడు ముందుగా రోగినే అనుమానించడం మనకు అలవాటు. తుమకూరు జిల్లా ఆ అలవాటుకు అరవై ఏళ్ల కిందటే జవాబు చెప్పింది. కొత్త యంత్రాన్ని తూచేటప్పుడు ఆ జవాబునే తూకపురాయిగా పెట్టుకోవాలని నా మనవి.

మందులు రాకమునుపు క్షయకు మార్గం శానటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో వెలసింది అలాగే. 1956లో మద్రాసులో మొదలైన ప్రయోగం దారి మార్చింది. శానటోరియంలో ఉంచి మందులిచ్చినవారితో, పేదవాడల్లో తమ ఇళ్లలోనే ఉండి మందులు తిన్నవారిని పోల్చి చూస్తే, ఇద్దరి ఫలితాలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఇంటి పట్టున ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు అదనంగా జబ్బు అంటిందీ లేదు. పేదదేశాలకు అది గొప్ప విడుదల. కానీ ఆ విడుదలతోపాటే ఒక కొత్త చిక్కూ వచ్చింది. శానటోరియంలో నర్సు చేతికిచ్చిన మాత్ర ఇంట్లో ఎవరు ఇస్తారు? మింగాడని ఎవరు చూస్తారు?

ఆ చిక్కుకు 1990ల్లో ప్రపంచమంతటా దొరికిన జవాబు 'డాట్స్'. ఆరోగ్య కార్యకర్త ఎదుట కూర్చుని రోగి మాత్ర మింగాలి. మన దేశంలో 1997లో మొదలై 2006 నాటికి అన్ని జిల్లాలకూ పాకింది. దీనివల్ల చాలా ప్రాణాలు నిలిచాయి, అందులో వాదన లేదు. ఐతే కూలీకి పోయేవాడు మందు కోసం పని వదులుకుని ఉపకేంద్రానికి నడవాలి. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఏ నెపంతో నడుస్తుంది? మొదట వారానికి మూడుసార్లు ఉన్న మందు 2017 తరవాత రోజూ అయింది. రోజూ ఎదుట మింగమనడం కార్యకర్తకూ కుదరదు, రోగికీ కుదరదు.

అక్కడే సెల్‌ఫోను ప్రవేశించింది. మైక్రోసాఫ్ట్ సంస్థ బెంగుళూరు పరిశోధనశాలలో బిల్ థీస్, ఆయన సహచరులు '99డాట్స్' అనే పద్ధతి తయారుచేశారు. మాత్రల పట్టీకి ఒక అట్ట తొడుగు ఉంటుంది. మాత్రను నొక్కి బయటికి తీస్తే దాని వెనక దాగిన ఫోను నెంబరు కనబడుతుంది. రోగి ఆ నెంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఇవాళ ఏ నెంబరు వస్తుందో ముందుగా ఊహించలేడు గనుక, నెంబరు తెలిసిందంటే మాత్ర తీసినట్టు. మాత్ర తీశాడంటే మింగినట్టే లెక్క. కాల్ రాకపోతే కార్యకర్తకు తెలుస్తుంది, ఆమె వెళ్లి పలకరించవచ్చు. ఇలాంటిదే ఇంకొకటి, మూత తెరిచినప్పుడల్లా గుర్తుపెట్టుకునే మందుల డబ్బా.

దీని మంచి ముందు చెప్పాలి. కూలీవాడి దినం దండగ కాదు. ఇంటి ముందు ఆరోగ్యశాఖ బండి ఆగి నలుగురూ గుసగుసలాడే పరిస్థితి రాదు. ఒక కార్యకర్త యాభై ఇళ్లు తిరిగే బదులు, అవసరమైన నాలుగిళ్లకు తీరిగ్గా పోవచ్చు. మిస్డ్ కాల్ మన జనం తమ లేమిలోంచి కనిపెట్టుకున్న భాష. దాన్నే వైద్యానికి వాడుకోవడం తెలివైన పని. ఇంకొక మేలు మా వంటి సరిహద్దు తాలూకావాళ్లకు బాగా తెలుస్తుంది. 2012లో మొదలైన 'నిక్షయ్' అనే కంప్యూటరు పట్టికలో రోగి పేరు ఎక్కితే, అతను పావగడ విడిచి హిందూపురానికో బెంగుళూరు ఇటుకబట్టీకో వలసపోయినా అదే నెంబరుతో మందు కొనసాగించవచ్చు. రెండు రాష్ట్రాల మధ్య పాత కాగితాలు చెయ్యలేని పని ఇది.

ఇప్పుడు రెండో పక్క చూద్దాం. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు తమిళనాడులోనూ ముంబైలోనూ 99డాట్స్ వాడుతున్న రోగుల ఇళ్లకు ముందుగా చెప్పకుండా వెళ్లి మూత్రపరీక్ష చేశారు. ఒంట్లో మందు ఉందో లేదో ఆ పరీక్షలో బయటపడుతుంది. దాన్ని ఫోను లెక్కతో సరిచూస్తే, ఆశించినంత పొంతన కుదరలేదు. కాల్ వచ్చినా ఒంట్లో మందు లేనివారున్నారు, మందు ఉన్నా కాల్ ఇవ్వనివారున్నారు.

బ్యాంకు మనిషిగా నాకు దీంట్లో వింత లేదు. వోచరు ఉండి నగదు లేకపోవడం, నగదు ఉండి వోచరు లేకపోవడం, రెండూ చూశాం. కానీ రెండో రకాన్ని గురించి కొంచెం ఆలోచించాలి. మందు మింగి కాల్ ఇవ్వనివాడు ఎవరు? ఫోను కొడుకు చేతిలో ఉండి, కొడుకు పొలంలో ఉన్నవాడు. రీచార్జి అయిపోయి సిమ్ము ఆగిపోయినవాడు. ఫోను ముట్టుకుంటే ఎవరికి చేశావని అడిగే అత్తగారున్న కోడలు. అక్షరం రాక నెంబరు నొక్కలేని ముసలివాడు. వీళ్లు రోగిధర్మం తప్పనివాళ్లు. యంత్రం లెక్కలో మాత్రం తప్పినవాళ్లు. నిజాయితీ ఉన్నా దాన్ని రుజువు చేసుకునే సాధనం లేనివాణ్ణి దోషిగా రాసే పుస్తకం ఎంత కచ్చితమైనదైనా ధర్మమైనది కాదు.

మా సోలార్ పార్కు నుంచి ఒక ఉపమానం తెస్తాను. దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 13,000 ఎకరాలు. భూమిని కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఏడాదికి ఎకరాకు 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి 5 శాతం పెరిగేలా ఒప్పందం. వానలు మోసం చేసే చోట అది చిన్న విషయం కాదు. పహణీలో పేరున్నవాడి ఖాతాలో సొమ్ము జమ అవుతుంది. కానీ అదే పొలంలో కలుపు తీసి, కాయ పెరికి, ఏళ్ల తరబడి బతికిన కూలీవాడి పేరు ఏ పహణీలోనూ లేదు కనుక ఏ ఖాతాలోనూ పడదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. రాసి ఉన్నవాడికే డబ్బు పోతుంది. సెల్‌ఫోను వైద్యంలో సిమ్ముకార్డే పహణీ. ఎవరి పేరున ఫోను లేదో వాళ్లు సాధారణంగా ఆడవాళ్లు, ముసలివాళ్లు, వలసకూలీలు. క్షయ ఎక్కువగా వేటాడేది కూడా తిండి చాలని, గాలి ఆడని ఇళ్లలో ఉండే ఇలాంటి పేదల్నే.

క్షయరోగికి పోషకాహారం కోసం కేంద్రప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. నేరుగా బ్యాంకు ఖాతాకే జమ. దళారీ లేడు, చాలా మంచి ఏర్పాటు. ఐతే ఆ ఏర్పాటు చివరి మెట్టు మా కౌంటరు. అక్కడ నేను చూసేది వేరే కథ. మా పల్లెల్లో ఇంట్లో 'అక్క'తో ముగిసే ఆడవాళ్ల పేర్లు ఆఫీసు కాగితంలో 'అమ్మ'తో ముగుస్తాయి. తెలుగు పేరు కన్నడంలో ఒక రకంగా, ఇంగ్లీషులో ఇంకో రకంగా పడుతుంది. ఆధార్‌లో ఒకటి, పాసుబుక్కులో ఒకటి, నిక్షయ్‌లో మూడోది. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రాణమౌతుంది. జబ్బుపడి పని మానేసినవాడి ఖాతాలో లావాదేవీ ఎక్కడినుంచి వస్తుంది?

ఒకామె ఒకసారి అడిగింది. "ఆసుపత్రోళ్లు పంపిచ్చినామంటారు, మీరు రాలేదంటారు. నడిమధ్యలో నా దుడ్డు యాడ పోయింది సార్?" కంప్యూటరు ఆమె మాటకు జవాబివ్వలేదు, అది తెరపై ఒక సంకేతం మాత్రం చూపించింది. ఆ సంకేతాన్ని తెలుగులోకి మార్చి, ఏ కాగితం తేవాలో, ఏ ఆఫీసులో ఏ మేజా దగ్గర నిలబడాలో చెప్పడానికి ఒక మనిషి కావలసివచ్చాడు. సొమ్ము తరవాత వచ్చింది. కానీ గుడ్లూ పాలూ తినవలసిన మొదటి రెండు నెలలూ, అంటే నాలుగు రకాల మందులు ఒంటిని కుదిపేసే నెలలూ, అప్పటికే గడిచిపోయాయి. ప్రభుత్వ లెక్కలో ఆమెకు మొత్తం ముట్టింది. ఆమె ఒంటి లెక్కలో ముట్టలేదు.

యంత్రం తప్పు చెప్పదనే భ్రమ ఒకటి మనలో బాగా పాతుకుపోయింది. కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సిమీటరు గుర్తుందా? అది వేలిగుండా కాంతి పంపి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అంచనా వేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు నిజంగా పడిపోయినా ఆ పరికరం 'బాగానే ఉంది' అని చూపిన సందర్భాలు తెల్లవారిలో కన్నా నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. నల్లని చర్మం కాంతిని వేరే రకంగా పీల్చుకోవడమే కారణం. యంత్రానికి కులం లేదు, వర్ణం లేదు అనుకున్నాం. కానీ దాన్ని ఎవరి వేళ్ల మీద సరిచూశారో వాళ్ల వర్ణం అందులో ఉండిపోయింది. ఇప్పుడు చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలూ, నీడను చూసి క్షయ అనుమానం చెప్పే కంప్యూటర్లూ పల్లెలకు వస్తున్నాయి. హైదరాబాదు సంస్థ ఒకటి దగ్గు చప్పుడు విని ఊపిరితిత్తుల స్థితి చెప్పే 'శ్వాస' అనే సాధనం చేసింది. రావలసినవే, రానివ్వాలి. ఎవరి దగ్గుల మీద సరిచూశారని అడిగే హక్కు మాత్రం మనం వదులుకోకూడదు.

ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడితో ఈ మాటలన్నీ అంటే ఆయన గట్టిగానే ఎదురుతిరిగారు. "మీరు రోగి గౌరవం గురించి మాట్లాడుతున్నారు. మందు నడుమ వదిలేసినవాడి క్రిమి మందుకు లొంగనిదై పక్కింటి పసివాడి ఛాతీలో చేరితే ఆ పసివాడి గౌరవం సంగతి ఏమిటి? మీ బ్యాంకు అప్పిచ్చినవాణ్ణి గమనించదా? అంటువ్యాధి ఉన్నవాణ్ణి గమనించడం తప్పెలా అవుతుంది?"

ఆయన మాట తోసిపుచ్చదగింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మన దేశంలో లక్షమందికి 2015లో 237గా ఉన్న కొత్త క్షయకేసులు 2024 నాటికి 187కు తగ్గాయి. అయినా లోకంలోని క్షయరోగుల్లో నాలుగోవంతు మనవాళ్లే. 2025కల్లా తుడిచిపెడతామన్న లక్ష్యం నెరవేరలేదు. ఊపిరి అందరిదీ, గాలి ఉమ్మడిది. కనుక నా జబ్బు నా సొంత వ్యవహారం అనే హక్కు క్షయరోగికి పూర్తిగా లేదు. ఇది ఒప్పుకుంటాను.

ఐతే ఆయన తెచ్చిన బ్యాంకు ఉపమానాన్నే కాస్త ముందుకు నడుపుదాం. అప్పు వాయిదా 90 రోజులు దాటితే అది పారుబాకీ అని 2004 నుంచి మాకు నియమం. కంప్యూటరు తనంతట తానే ఎర్రగుర్తు పెడుతుంది. కానీ స్వల్పకాలిక పంట రుణానికి ఆ నియమం వర్తించదు. దానికి రెండు పంటకాలాల గడువుంది. వేరుశనగ రైతు చేతికి నెలనెలా జీతం రాదని, వాన మీద ఆధారపడ్డాడని డబ్బును కొలిచే రిజర్వు బ్యాంకే గుర్తించింది. కట్టలేనివాడూ కట్టనివాడూ ఒకటి కాదన్న విచక్షణ డబ్బు విషయంలోనే ఉంటే, ప్రాణం విషయంలో ఇంకా ఎక్కువ ఉండాలి గదా.

క్షయక్రిమికి పంటకాలాలు తెలియవు, నిజమే. మందులో గడువు ఇవ్వలేం. ఇవ్వగలిగింది మన స్పందనలో. కాల్ రానప్పుడు తెరమీద పడే ఎర్రగుర్తు తీర్పు కాకూడదు, అది పిలుపు కావాలి. 'వీడు తప్పాడు' అని కాక, 'వీడికేదో అయింది, పోయి చూడాలి' అని చదవాలి. పరగడుపున మాత్ర వేసుకుంటే వాంతి అవుతుందేమో. తెల్లవారే కూలీకి పోవాలేమో. మూత్రం ఎర్రబడిందని భయపడి మానేశాడేమో. అది మందు రంగేనని చెప్పేవారు లేకపోయారేమో. ఇవేవీ మిస్డ్ కాల్‌లో వినబడవు. పావగడలో స్వామి జపానంద నడిపే స్వామి వివేకానంద ఆరోగ్యకేంద్రం కుష్ఠు, క్షయ రోగులకు చేస్తున్న సేవ ఎరిగినవారికి, అంటరాని జబ్బని దూరం పెట్టినవాణ్ణి ఒక మనిషి దగ్గర కూర్చుని పలకరించడంలో ఎంత వైద్యం ఉందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకూ నా అభిప్రాయం ఇది. లెక్క అడిగే హక్కు, లెక్క చెప్పే బాధ్యతతో జతగానే వస్తుంది. డిపాజిటుదారు మాకు డబ్బిస్తాడు, మేము పాసుబుక్కు ఇస్తాం. రోగి రోజూ మిస్డ్ కాల్ ఇచ్చి తన లెక్క ఒప్పజెబుతున్నాడు. మరి అతని చేతికి మనం ఇచ్చే పాసుబుక్కు ఏది? ఎన్ని రోజులు మందు అందలేదు, పోషణ సొమ్ము ఎన్ని నెలలు ఆలస్యమైంది, ఎర్రగుర్తు పడ్డాక ఎన్ని రోజులకు ఎవరు వచ్చారు అన్న లెక్క కూడా అదే కంప్యూటరులో, అతనికి తెలిసే భాషలో ఉండాలి. అప్పుడు ఆ యంత్రం రెండు పక్షాలకూ సాక్షి అవుతుంది. ఒక్క పక్షాన్నే చూసే సాక్షిని నిఘా అంటాం. రెండు పక్షాలనూ చూసేదాన్ని తోడు అనవచ్చు.

ఇదంతా ప్రభుత్వం చేసేదాకా మనం ఊరికే కూర్చోనక్కరలేదు. ఈ పత్రిక చదివే మనం చాలామంది సొంత రాష్ట్రం కాని చోట తెలుగు మాట్లాడుతూ, రెండు మూడు భాషలు చదవగలిగినవాళ్లం. మన వీధిలో మందు తింటున్న మనిషికి ఫోనులో వచ్చిన కన్నడ సందేశమో ఇంగ్లీషు సందేశమో చదివి చెప్పడం, పాసుబుక్కులో పేరు సరిచేయించడం, సిమ్ము ఆగిపోతే ఒక నెల రీచార్జి చేయించడం మన చేతిలోని పనులు. అడిగి, వాళ్లు సరేనంటేనే చెయ్యాలి. చేసిన సంగతి నలుగురికీ చెప్పకూడదు. ఆరు నెలల వైద్యంలో ఇలాంటి పూట రెండో మూడో వస్తాయి. ఆ పూటల్లో యంత్రం గుర్తుపెట్టగలదు గానీ లేచి వెళ్లలేదు. వెళ్లవలసింది మనమే.